ఈ గులాబీలు గీసిందెవరు?

రెండు శతాబ్దాలు దాటిన ఇంగ్లిష్ సాటిన్‌వుడ్ బల్లలు మ్యూజియాల్లో, వేలంశాలల్లో గొప్పగొప్ప పేర్లతో నిలబడి ఉన్నాయి. వాటిని చేసిన చేతుల సంగతి ఏమిటి?

లండన్‌లోని ఆల్డర్స్‌గేట్ స్ట్రీట్ నుంచి 1790లో గెర్న్సీ దీవికి ఒక బిల్లు వెళ్లింది. ఫ్రాన్స్ తీరానికి దగ్గరగా ఉన్న ఆ చిన్న దీవిలో టప్పర్ అనే పెద్దమనిషి తన ఇంటికి 18 చేతుల కుర్చీలు చేయించుకున్నాడు. అన్నీ సాటిన్‌వుడ్ అనే కలపతో చేసినవే. కూర్చునే చోట బెత్తం అల్లిక, వీపు మీద రంగుల్లో గులాబీలు, అంచు వెంబడి నెమలి ఈకలు. ఒక్కో కుర్చీ 73 షిల్లింగుల 6 పెన్నీలు. బిల్లు ఇచ్చిన కంపెనీ పేరు సెడన్, సన్స్ అండ్ షాకిల్టన్. ఆ కుర్చీల్లో కొన్ని ఇవాళ లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి.

పాత ఇంగ్లిష్ ఫర్నిచర్ గురించి పరిశోధించేవారికి ఈ బిల్లు పెన్నిధి. రంగులు వేసిన సాటిన్‌వుడ్ సామాను ప్రపంచంలో చాలానే మిగిలింది. కానీ ఎవరు చేశారో, ఏ ఏడాది చేశారో, ఎంతకు అమ్మారో కాగితంతో సహా తెలిసినవి చాలా తక్కువ. టప్పర్ కుర్చీల వల్లే ఆ కాలపు గులాబీ ఎలా ఉండేదో, నెమలి ఈక అంచును ఎలా తీర్చేవారో ఖాయంగా చెప్పగలుగుతున్నాం. పేరులేని ఒక బల్లను ముందు పెట్టుకుని అది సెడన్ దుకాణం పనా కాదా అని తేల్చాలంటే ఈ కుర్చీల పక్కన పెట్టి చూడాల్సిందే.

ఆ బిల్లులో పూల పేరు ఉంది, పక్షి పేరు ఉంది, పెన్నీలతో సహా ధర ఉంది. ఆ పూలు గీసిన మనిషి పేరు మాత్రం లేదు. ఈ కథనం రాయడానికి కారణం ఆ ఖాళీయే.

తేనెరంగు బల్ల

అసలు బల్ల ఎలా ఉంటుందో చూద్దాం. 1790 ప్రాంతంలో లండన్ కలవారి ఇళ్లలో అందరూ కోరుకున్నది పెంబ్రోక్ బల్ల. నడుమ పలక, దానికి రెండు పక్కలా బందుల మీద వాలే రెక్కలు, పలక కింద ఒక సొరుగు, కిందికి పోయేకొద్దీ సన్నబడే నాలుగు కాళ్లు, వాటి అడుగున చిన్న ఇత్తడి చక్రాలు. రెక్కలు లేపితే అండాకారపు బల్ల. దించితే గోడవారగా ఒదిగిపోతుంది. పొద్దున టిఫిను, మధ్యాహ్నం ఉత్తరాలు, సాయంత్రం టీ, అన్నిటికీ అదే. మొదట ఇలాంటి బల్ల చేయించుకున్న దొరసాని పేరే దానికి వచ్చిందని, ఆ కాలంలో ఫర్నిచర్ నమూనాల పుస్తకం వేసిన థామస్ షెరటన్ రాశాడు.

సాటిన్‌వుడ్ ఖరీదైన కలప కాబట్టి బల్ల మొత్తం దానితో చేసేవారు కాదు. లోపలి ఒళ్లు మహాగనితోనో, చౌక పైన్‌తోనో కట్టి, పైన పలుచని సాటిన్‌వుడ్ పొరను అతికేవారు. ఇప్పుడు మనం వెనీర్ అంటున్నది అదే. అప్పట్లో ఆ పొరను చేతిరంపంతోనే కోసేవారు. మందం ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్లు. తోళ్లు ఉడికించి తీసిన జిగురును వేడిగా పూసి, చల్లారేలోపు పొరను అదిమి కూర్చోబెట్టాలి. చేయి ఆలస్యమైతే లోపల గాలి బుడగ మిగిలిపోతుంది. అంచున ముదురు రంగు కలపతో ఒక పట్టీ, దాని పక్కన దారంలా సన్నని తెల్లటి, నల్లటి గీతలు. ఇవన్నీ వేరే కలప ముక్కలే, రంగు కాదు.

ఆ తర్వాత వచ్చేవాడు చిత్రకారుడు. కాన్వాసు మీద వేసినట్టు అడుగున తెల్లపూత వేయడు. నునుపు తేలిన తేనెరంగు చెక్కనే నేపథ్యంగా వదిలేసి, తైలవర్ణాలతో నేరుగా గీస్తాడు. పలక చుట్టూ గులాబీల దండ, నడుమ అండాకారపు చట్రంలో ఒక గ్రీకు దేవతో, పిల్లలతో ఆడుకుంటున్న వనితో, కాళ్ల మీదికి జారే పూలతీగ. ఆరాక పైన వార్నిష్ పూతలు. ఈ పనిలో నాకు అన్నిటికన్నా గొప్పగా కనిపించేది నిగ్రహం. మంచి బల్ల మీద మూడొంతులు ఉత్త చెక్కే కనిపిస్తుంది. ఆ చెక్కలోని పట్టులాంటి మెరుపు అణగకుండా ఎక్కడ ఆగాలో ఆ చేతికి తెలుసు.

అంతకు పదిహేను, ఇరవై ఏళ్ల ముందు ఇదే అలంకారాన్ని రంగు చెక్కముక్కలు పొదిగి చేసేవారు. యార్క్‌షైర్‌లోని హేర్‌వుడ్ భవనానికి థామస్ చిపెండేల్ 1773లో చేసిచ్చిన డయానా, మినర్వా కమోడ్, అంటే అలంకారపు పొట్టి బీరువా, అందుకు పరాకాష్ఠ. దాని ధర 86 పౌన్లు. పొదుగు పనికి నెలలు పడుతుంది. పైగా ఆకుపచ్చ, నీలం అద్దిన చెక్కముక్కలు ఎండకు వెలిసి గోధుమరంగుకు తిరుగుతాయి. కుంచె పని త్వరగా అవుతుంది, ఖర్చు తక్కువ, రంగు నిలుస్తుంది. 1780లలో రంగుల బల్లలు ఒక్కసారిగా పెరగడానికి అభిరుచి ఎంత కారణమో ఈ లెక్క కూడా అంతే కారణం.

నాలుగు వందల మంది దుకాణం

జార్జ్ సెడన్ 1727లో పుట్టాడు. ఒకప్పుడు లండన్ బిషప్పు నివాసమైన భవనాన్ని ఆల్డర్స్‌గేట్ స్ట్రీట్‌లో తీసుకుని కార్ఖానాగా మార్చాడు. 1768లో ఒకసారి, 1783లో ఇంకోసారి మంటలు దాన్ని మింగేశాయి. రెండుసార్లూ మళ్లీ కట్టాడు. 1789లో లెక్క చూసినప్పుడు కార్ఖానాలోని సరుకు విలువ లక్ష పౌన్లు దాటింది.

1786లో జర్మన్ రచయిత్రి సోఫీ ఫాన్ లా రోష్ లండన్ వచ్చి ఈ కార్ఖానాను చూసి తన దినచర్యలో వివరంగా రాసుకుంది. అక్కడ 400 మంది పనిచేస్తున్నారని ఆమె రాసింది. వడ్రంగులు, చెక్కడపు పనివారు, బంగారు పూతవారు, అద్దాలవారు, మెత్తలు కుట్టేవారు, కంచుపోతవారు, చిత్రకారులు, అందరూ ఒకే కప్పు కింద. ఆరు విభాగాల భవనం. ఒకచోట కలప నిల్వలు, ఒకచోట అద్దాలు, మరోచోట అమ్మకానికి సిద్ధంగా వరసలు తీరిన సామాను. పెళ్లి చేసుకోబోయే జంట లోపలికి వెళితే ఇల్లంతటికీ కావలసిన సామానుతో బయటికి రావచ్చు. సెడన్‌కు చెక్క గుణం తెలుసని, తన కింది మనుషుల బాగోగులు చూస్తాడని ఆమె మెచ్చుకుంది.

కాబట్టి సెడన్ బల్ల అంటే జార్జ్ సెడన్ కూర్చుని చేసిన బల్ల కాదు. పలక కోసినవాడు ఒకడు, పొర అతికినవాడు ఒకడు, కాళ్లు తీర్చినవాడు ఒకడు, గులాబీ గీసినవాడు ఇంకొకడు. పేరు మాత్రం యజమానిది, కొడుకులది, అల్లుడు థామస్ షాకిల్టన్‌ది.

పనివారు ఆ కాలంలో పూర్తిగా కాగితం మీద లేరని కాదు. 1788లో లండన్‌లో కేబినెట్ పనివారి ధరల పుస్తకం అచ్చయింది. అందులో ఏ బల్లకు ఎంత కూలి, అదనంగా ఒక సొరుగు పెడితే ఎంత, అంచు గుండ్రం చేస్తే ఎంత, సన్నగీత పొదిగితే అడుగుకు ఎంత అని అరపెన్నీ తేడాలతో సహా ఉంటుంది. ఆ చేతుల పనిని ముక్కలు ముక్కలుగా విడదీసి ధర కట్టారు. ధర మిగిలింది, చేయి ఎవరిదో మిగల్లేదు. లండన్‌లో మంచి వడ్రంగికి ఆ రోజుల్లో వారానికి ఒక గినీ, అంటే 21 షిల్లింగులు, అటూఇటూగా వచ్చేవి. టప్పర్ ఇంటికి వెళ్లిన ఒక్క కుర్చీ అతని మూడున్నర వారాల సంపాదన.

పారిస్‌లో పద్ధతి వేరు. అక్కడి వృత్తి సంఘం నియమం ప్రకారం 18వ శతాబ్దం మధ్య నుంచి కేబినెట్ పని చేసే యజమాని తన ముద్రను చెక్క మీద కొట్టాల్సి ఉండేది. లండన్‌లో అలాంటి నిర్బంధం లేదు. లాంకాస్టర్‌కు చెందిన గిలోస్ కంపెనీ 18వ శతాబ్దం చివర్లో తన పేరును సొరుగుల అంచున కొట్టడం మొదలుపెట్టింది. దానిని అనుసరించినవారు కొద్దిమందే. అందుకే మిగిలిన బల్లల్లో అత్యధికం మూగవి.

అతికించిన పేర్లు

మూగ బల్లకు పేరు పెట్టడం వ్యాపారులకు తేలిక. ఇలాంటి బల్లను షెరటన్ బల్ల అంటారు, లేదా హెపెల్‌వైట్ బల్ల అంటారు. నిజానికి థామస్ షెరటన్ సొంత చేతితో చేసినదని రుజువున్న బల్ల ఒక్కటి కూడా లేదు. ఆయన 1791 నుంచి 1794 వరకు భాగాలుగా వెలువరించిన నమూనాల పుస్తకం ఇంగ్లండ్ అంతటా వడ్రంగుల చేతుల్లో తిరిగింది. ఆయన మాత్రం బీదరికంలోనే 1806లో పోయాడు. జార్జ్ హెపెల్‌వైట్ పుస్తకం 1788లో వచ్చింది, అప్పటికి ఆయన చనిపోయి రెండేళ్లు. అచ్చు వేయించింది భార్య ఆలిస్. ఆయన చేసిన సామాను కూడా ఫలానాదని చూపించగలిగినది లేదు. ఇద్దరూ నమూనాలు ఇచ్చినవారు. నమూనా ఇవ్వడం పెద్ద పనే, కానీ అది బల్ల చేయడం కాదు.

ఇంతకన్నా పెద్ద అన్యాయం ఏంజెలికా కౌఫ్‌మన్ పేరుతో జరిగింది. స్విట్జర్లాండ్‌లో 1741లో పుట్టిన ఈమె లండన్‌లో గొప్ప చిత్రకారిణిగా వెలిగింది. 1768లో రాయల్ అకాడమీ స్థాపక సభ్యుల్లో ఉన్న ఇద్దరే ఇద్దరు స్త్రీలలో ఒకరు. ఆమె చిత్రాలను బార్టొలోజి వంటివారు చుక్కల పద్ధతిలో రాగి ఫలకాల మీద చెక్కి అచ్చులు తీశారు. ఆ అచ్చులు ఇంటింటా చేరాయి. సెడన్ వంటి దుకాణాల్లోని చిత్రకారులు వాటిని ఎదురుగా పెట్టుకుని బల్లల మీద దించారు. తర్వాతి తరాలు ఆ బొమ్మలు చూసి ఇది కౌఫ్‌మన్ వేసిన బల్లే అనేశాయి. ఆమె 1781లోనే లండన్ వదిలి ఇటలీ వెళ్లిపోయింది. 1790 నాటి లండన్ బల్ల మీద ఆమె కుంచె ఎలా నడుస్తుంది? ఈ పొరపాటు వల్ల ఆమెకు ఒరిగిందేమీ లేదు. బొమ్మ నిజంగా వేసిన మనిషి మాత్రం రెండోసారి మరుగున పడ్డాడు.

యజమానీ చిత్రకారుడూ ఒక్కరే అయిన సందర్భం ఒకటుంది. అతని కథ చదివిన రోజు నుంచి నన్ను వదల్లేదు. జార్జ్ బ్రుక్‌షా 1751లో పుట్టాడు, బర్మింగ్‌హామ్ నుంచి లండన్ వచ్చి గ్రేట్ మార్ల్‌బరో స్ట్రీట్‌లో దుకాణం పెట్టాడు. అతని పనితనమంతా రంగులు వేసిన సామానులోనే. వేల్స్ యువరాజుకు అతను అందించిన కమోడ్ ముందుభాగంలో పూలబుట్ట, పైపలక నిండా మల్లెజాతి పూలు. 1790ల నడుమ అతని పేరు ఉన్నట్టుండి లండన్ వ్యాపారుల జాబితాల నుంచి మాయమైంది. కొన్నేళ్లకు జి. బ్రౌన్ అనే ఒకాయన ఆడవాళ్లకు పూల చిత్రలేఖనం నేర్పుతూ, దాని మీద పుస్తకం రాస్తూ కనిపించాడు. అతనూ బ్రుక్‌షా ఒక్కరే. 1812లో తన సొంత పేరుతో 'పమోనా బ్రిటానికా' పూర్తిచేశాడు. ఇంగ్లండ్ తోటల్లోని 256 రకాల పండ్లు, 90 రంగుల ఫలకాలు. ముదురు నేపథ్యం మీద మెరిసే ఆ పీచులు, అనాసలు, ద్రాక్షలు చూస్తే బల్లల మీద పూలు వేసిన చేయి ఇదేనని ఒప్పుకోక తప్పదు. బ్రిటన్‌లో అచ్చయిన పండ్ల పుస్తకాల్లో అంతటి అందం మరొకదానికి లేదన్నది నా అభిప్రాయం. బ్రుక్‌షాకు పేరు దక్కింది, ఎందుకంటే చివరికి పుస్తకం వేశాడు. బల్లల దగ్గరే ఆగిపోయినవారికి ఆ అదృష్టం లేదు.

సామర్లకోటలో గీసిన కొమ్మ

ఇక కలప సంగతి. సెడన్ కాలంలో లండన్ చేరిన మేలైన సాటిన్‌వుడ్ కరీబియన్ దీవులది. ఆ దీవుల అడవుల్లో గొడ్డలి పట్టినవారిలో బానిసలుగా తెచ్చిన ఆఫ్రికన్లే ఎక్కువ. బల్ల వెనక ఉన్న పేరులేని చేతుల్లో మొదటివి వాళ్లవే. ఆ చెక్కను కోస్తే కొబ్బరినూనె వాసన వస్తుంది. రెండో రకం మన వైపుది, సిలోన్, దక్షిణ భారతాలది. షెరటన్ 1803 నాటి తన నిఘంటువులో రెండు రకాలనూ చెప్పాడు. లేత గడ్డిరంగులో చల్లగా, తేలికగా కనిపిస్తుంది కాబట్టి పెద్దింటివారు ఇరవై ఏళ్లుగా దీన్నే కోరుతున్నారని రాశాడు.

మన వైపు రకం మనకు పరాయిది కాదు. నల్లమలలో, శేషాచలంలో, తూర్పు కనుమల ఎండు అడవుల్లో పెరిగే బిల్లుడు చెట్టే అది. నిమ్మ, మారేడు, కరివేపాకుల కుటుంబానికి చెందిన చెట్టు. రాపిడికి తట్టుకునే గట్టి కర్ర కాబట్టి రైతులు వ్యవసాయ పనిముట్లకు వాడుకున్నారు. దాని రంపపు పొట్టు కొందరి చర్మానికి పడదు, దద్దుర్లు లేస్తాయి.

ఈ చెట్టును పాశ్చాత్య వృక్షశాస్త్రానికి పరిచయం చేసిన పని జరిగింది గోదావరి సీమలో. ఈస్టిండియా కంపెనీ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ 1781 నుంచి 1793 వరకు సామర్లకోటలో ఉన్నాడు. చుట్టుపక్కల అడవుల్లోని మొక్కలు తెప్పించి, వర్ణించి, స్థానిక చిత్రకారులతో బొమ్మలు వేయించాడు. అవి వృక్షశాస్త్రవేత్త జోసెఫ్ బ్యాంక్స్ పర్యవేక్షణలో లండన్‌లో 'కోరమాండల్ తీరపు మొక్కలు' అనే మహాగ్రంథంగా వచ్చాయి. మూడు సంపుటాలు, 300 ఫలకాలు. 1795లో మొదలైన మొదటి సంపుటంలోనే మన బిల్లుడు ఉంది, తెలుగు పేరుతో సహా. రాక్స్‌బర్గ్ దాన్ని మహాగని జాతిలో చేర్చాడు. తర్వాతి శాస్త్రజ్ఞులు విడదీసి క్లోరాక్సిలాన్ స్వీటీనియా అన్నారు.

కాలం గమనించండి. సెడన్ దుకాణంలో ఎవరో సాటిన్‌వుడ్ మీద గులాబీలు గీస్తున్న ఏళ్లలోనే, సామర్లకోటలో ఎవరో ఆ కలప రెండో రకం చెట్టు కొమ్మను, ఆకును, కాయను కాగితం మీద గీస్తున్నారు. రాక్స్‌బర్గ్ పేరు మిగిలింది, సెడన్ పేరు మిగిలింది. రెండు చోట్లా కుంచె పట్టిన మనిషి పేరు మనదాకా రాలేదు.

విశాఖపట్నం కథ కూడా ఇలాంటిదే. 18వ శతాబ్దంలో అక్కడి పనివారు ఇంగ్లిష్ నమూనాల కుర్చీలకు, బీరువాలకు ఏనుగుదంతం పొదిగి, దంతం మీద సన్నని గీతలు చెక్కి నల్ల లక్క నింపి, కంపెనీ దొరల ఇళ్లకు పంపారు. ఆ సామాను ఇవాళ ప్రపంచ మ్యూజియాల్లో మన ఊరి పేరుతోనే చలామణి అవుతోంది. ఊరి పేరు తెలుసు, మనుషుల పేర్లు తెలియవు.

కొత్త రంగు, పాత చెక్క

19వ శతాబ్దం రెండో సగంలో ఇంగ్లండ్‌కు మళ్లీ సాటిన్‌వుడ్ మోజు పట్టింది. 1867 పారిస్ ప్రదర్శనలో రైట్ అండ్ మాన్స్‌ఫీల్డ్ కంపెనీ పెట్టిన సాటిన్‌వుడ్ కేబినెట్ చూసి అందరూ అబ్బురపడ్డారు. దాన్ని నేటి విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం కొనేసింది. ఆ తర్వాత పాత నమూనాల్లో కొత్త బల్లలు వేలల్లో వచ్చాయి. అవి కొత్తవని చెప్పి అమ్మితే తప్పేమీ లేదు, వాటిలో చాలావరకు చక్కటి పనే. తప్పు వేరేచోట జరిగింది. 1790 నాటి నిజమైన సాదా బల్లను తెచ్చి, రంగులుంటే ఎక్కువ ధర వస్తుందని పైన కొత్తగా దండలు, దేవతలు గీయించారు. చెక్క అసలైనది, బొమ్మ వంద ఏళ్లు ఆలస్యం.

పట్టుకోవడం ఎలాగంటే, ముందు పగుళ్లు చూడాలి. పాత చెక్క మీద బీటలు, గీతలు పడ్డాక రంగు వేస్తే ఆ రంగు బీటలోకి దిగుతుంది. బొమ్మ ముందు ఉండి బీట తర్వాత వస్తే, బీట బొమ్మను కోస్తూ పోతుంది. రెక్కల అంచున, చేతులు తగిలే సొరుగు చుట్టూ చెక్క అరిగి ఉండి పువ్వు మాత్రం చెక్కుచెదరకుండా ఉంటే అనుమానించాలి. వెనీర్ మందం చూడాలి. కాగితంలా పలుచగా ఉంటే 19వ శతాబ్దపు యంత్రం పని. మరలు పట్టి చూడాలి. 1840లకు ముందు మరలకు మొన ఉండేది కాదు, తల మీద గాడి చేత్తో ఆకురాయి పెట్టి కోసినట్టు వంకరగా ఉంటుంది. ఇక ముఖాలు. విక్టోరియా కాలపు చిత్రకారుడు వేసిన దేవతకు ఆ కాలపు అచ్చుబొమ్మల మీది అమ్మాయి బుగ్గలు, కళ్లు వచ్చేస్తాయి. ఎంత నేర్పరి అయినా తన కాలపు మొహాన్ని దాచలేడు.

సెడన్ కుటుంబం ఆ తర్వాతా ఇదే వృత్తిలో ఉంది. నికొలస్ మొరెల్ అనే ఆయనతో కలిసి జార్జ్ సెడన్ మనవడు 1820ల చివర్లో నాలుగో జార్జి రాజు కోసం విండ్సర్ కోటకు సామాను సమకూర్చాడు. ఆ వంశంలోని వాస్తుశిల్పి జాన్ పొలార్డ్ సెడన్ 1861లో ఒక కేబినెట్‌కు రూపకల్పన చేశాడు, దాన్ని కుటుంబ కంపెనీయే తయారుచేసింది. దాని తలుపుల మీద బొమ్మలు వేసినవారు ఫోర్డ్ మాడక్స్ బ్రౌన్, బర్న్-జోన్స్, రొసెట్టి. ఏ పలక ఎవరిదో ఒక్కొక్కటిగా నమోదై ఉంది. అదీ విక్టోరియా అండ్ ఆల్బర్ట్‌లోనే, టప్పర్ కుర్చీలున్న మ్యూజియంలోనే ఉంది. అదే కుటుంబం, చెక్క మీద అదే రంగుల పని, నడుమ 71 ఏళ్లు. ఒక దాని చిత్రకారులు కళాచరిత్రలో అధ్యాయాలు, మరొక దాని చిత్రకారులకు ఒక్క అక్షరం లేదు. నా కంటికి టప్పర్ కుర్చీ మీది గులాబీ రొసెట్టి పలకకు ఏమాత్రం తీసిపోదు. తేడా చేతిలో లేదు, రాసి పెట్టడంలో ఉంది.

మన ఇళ్లలోనూ తాతల నాటి టేకు బల్లలు, జిట్రేగి మంచాలు, చెక్కడపు పని ఉన్న తలుపులు ఉన్నాయి. వాటిని గీకించి, ఉప్పుకాగితంతో రుద్దించి కొత్త పాలిష్ కొట్టించే తొందర పడకండి. ఒకసారి పాత పొర పోతే కాలం వేసిన ఆనవాళ్లన్నీ దానితోనే పోతాయి. బోర్లించి అడుగున చూడండి, సొరుగులు లాగి వెనక చూడండి. వడ్రంగి పెట్టిన గుర్తులు అక్కడే ఉంటాయి. ఫలానా ఊరి వడ్రంగి చేశాడని చెప్పగల పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే, ఆయన పేరు, ఊరు, చేసిన ఏడాది అడిగి ఈ వారమే ఒక కాగితం మీద రాయండి. ఆ కాగితాన్ని సొరుగులోనే ఉంచండి.